కాస్త కనిపెట్టి ఉండు

జూన్ 2

నా తమ్ముడి గారాల కూతురికి, మన లాడ్జి కొత్త మేనేజరమ్మకి,

మోకాలు కోశారు, కుట్టారు, కట్టు కట్టి పంపేశారు. ఇప్పుడు మా అక్కయ్య ఇంట్లో ముందు గదిలో, రెండు దిండ్ల మీద కాలు పెట్టుకుని దర్జాగా పడి ఉన్నాను. ఫోన్ చెయ్యలేదని మూతి ముడుచుకోకు. ఇక్కడ ఫోను హాల్లో ఉంది. మీ పెద్దత్త చెవులు కూడా హాల్లోనే ఉంటాయి. నేను "హలో" అంటే చాలు, అవతలి మనిషి ఏమంటున్నారో నాకంటే ముందు తనే చెప్పేస్తుంది. అందుకని ఉత్తరాలే రాసుకుందాం. ఈ ఇంట్లో ఉత్తరాలు చించి చదివే అలవాటు ఇంకా ఎవరికీ రాలేదు.

మీ పెద్దమామయ్య పొద్దున్నే మొదలుపెట్టాడు, "ఆ లాడ్జి అమ్మేసి హాయిగా కాలు చాపుకుని కూర్చో" అని. "ఇప్పుడు చాపుకునే కదా ఉన్నాను, దీనికోసం లాడ్జి అమ్మడం దేనికి?" అన్నాను. పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

అసలు సంగతికొస్తాను. మన ఎదురుగా ఆ గాజు మేడ లేచింది కదా, కొత్త హోటలు. మందుల కంపెనీ కుర్రాళ్ళు ఇన్నేళ్ళుగా మన దగ్గరే దిగుతున్నారు. సగం గదులు వాళ్ళతోనే నిండుతాయి. వాళ్ళ పెద్ద మేనేజరు జూలై మొదటి వారంలో స్వయంగా వచ్చి చూసి, మన దగ్గరే ఉండాలో గాజు మేడకి పోవాలో తేల్చేస్తానన్నాడు. వాళ్ళు పోయారా, మనం తలుపులు మూసుకోవడమే. మీ నాన్న కూడా దానికోసమే కాచుక్కూర్చున్నాడు, నిన్ను లాక్కుపోయి ఏదో ఆఫీసులో కూలెయ్యడానికి. నీకు లాడ్జి నడపాలని ఎంత ఉందో నాకు తెలుసు. నీ మాట నిలబడాలంటే ఈ నెల బాగా గడవాలి.

నువ్వొచ్చిన రోజే నేను ఆస్పత్రికి పోవడంతో మనవాళ్ళ గురించి చెప్పనేలేదు. గదులు సర్దే ఆవిడ దొరసాని. నడక చూస్తే నీకే తెలుస్తుంది ఆ పేరు ఎందుకొచ్చిందో. రిసెప్షన్‌లో ఉండేవాడు వంకర టై. వంటగదిలో ఉన్నాయన గొణుగుడు. ఈ ముగ్గుర్నీ కాస్త కనిపెట్టి ఉండు. అంతే తల్లీ. ఆ ఒక్క పనీ చేశావంటే లాడ్జి దానంతటదే నడుస్తుంది. ఇన్నేళ్ళూ నేను చేసిందీ అదొక్కటే.

కదల్లేని కాలితో, ఆగని నోటితో,
నీ అత్త

*

జూన్ 8

కాలు చాపుకున్న మహారాణీ గారికి మేనకోడలి దండాలు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నువ్వు చెప్పినట్టే ముగ్గుర్నీ కనిపెట్టి ఉంటున్నాను. ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలడం లేదు. దొరసాని ఏ గదికెళ్తే ఆ గదికి వెనకాలే నేనూ. మధ్యాహ్నం వంటగదిలో స్టూలు వేసుకుని గొణుగుడు గారి పక్కనే కూర్చుంటున్నాను, ఆయన ఏం గొణుగుతున్నాడో ఒక్క ముక్క కూడా వదలకుండా వింటున్నాను. సాయంత్రం వంకర టై పక్కన. మెత్తటి రబ్బరు చెప్పులు కొనుక్కున్నాను, వరండాలో ఎంత తిరిగినా చప్పుడు కాదు.

హాల్లో పెద్ద అద్దం పెట్టించాను. అదెంత పనికొస్తోందో చెప్పలేను అత్తా! రిసెప్షన్ ఎదురుగా గోడమీద "నవ్వండి" అని పెద్ద అక్షరాలతో రాయించి తగిలించాను, వచ్చినవాళ్ళని చిరునవ్వుతో పలకరించాలి కదా.

ఇంకో మాట. మేడ మీద చివరి గదిలో కిటికీ పక్కన ఒక పాత కుర్చీ ఉంది. దొరసాని మధ్యాహ్నం అందులో కూర్చోవడం నా కంట పడింది. ఆ కుర్చీ సంగతి కూడా చూశాను. నీకిక ఆ దిగులు అక్కర్లేదు.

వాళ్ళకి ఇంకా కొంచెం మొహమాటంగా ఉన్నట్టుంది. ఇన్నాళ్ళూ ఇంతలా ఎవరూ పట్టించుకోలేదేమో. అలవాటైపోతుందిలే. నువ్వు మాత్రం పెద్దత్త మాటలు పట్టించుకోకుండా కాలు ఆడించు. నాన్న నిన్న ఫోన్ చేసి, "ముచ్చట తీరిందా?" అన్నాడు. "ఇప్పుడే మొదలైంది" అని పెట్టేశాను.

చప్పుడు చెయ్యని చెప్పుల్లోంచి,
నీ కోడలు పిల్ల

*

జూన్ 12

బంగారు కొండకి,

నీ ఉత్తరం చదివి కళ్ళు తుడుచుకున్నాను. నిజం! మీ పెద్దత్త "ఏమైందే, ఏమైందే?" అని తిరిగింది. చెప్పలేదు, కాసేపు ఏడిపించాను.

నేను కాస్త కనిపెట్టి ఉండమంటే నువ్వు ఏకంగా నెత్తిన పెట్టుకున్నావు కదే! దొరసానికి తోడుగా గది గదికీ తిరుగుతున్నావా? ఆ దుప్పటి అంచు అవతల ఒకళ్ళు పట్టుకుంటే ఆవిడ నడుముకి ఎంత సుఖమో. ఆ గొణుగుడు మాటలు వినే పుణ్యాత్మురాలు ఇన్నాళ్ళకి ఒకత్తి పుట్టింది. పడుకున్నవాళ్ళకి నిద్ర చెడుతుందని మెత్తటి చెప్పులు కొన్నావు చూడు, అది నాకు ఇన్నేళ్ళలో తట్టలేదు. అద్దం వంకర టై కోసమే అయ్యుంటుంది, వాడికి అదొక్కటే తక్కువైంది. ఇక ఆ కుర్చీ, దాని కాలు ఊగుతోందని ఎప్పటినుంచో అనుకుంటూనే ఉన్నాను. బాగు చేయించినందుకు నీ నోట్లో పంచదార పొయ్య.

ఇక్కడ నా బాధ విను. కాలు ఎత్తించడానికి ఒకమ్మాయి వస్తోంది. మంచి పిల్ల, కబుర్లు చెబుతూ ఎత్తిస్తే కాలు దానంతటదే లేస్తుంది. కానీ మీ పెద్దత్త గుమ్మంలో నడుం మీద చెయ్యేసుకుని నిలబడుతుంది, అది సరిగ్గా ఎత్తిస్తోందో లేదో చూడ్డానికి. అంతే, ఆ పిల్లకి చెయ్యి ఆడదు, నా కాలు మొరాయిస్తుంది. నిన్న పక్క మోకాలు వంచేసింది, బాగున్నదాన్ని! "నువ్వు లోపలికి పోవే" అంటే "నేను చూడకపోతే ఇది పని చేస్తుందా?" అంటుంది. ఏం మనుషులో!

నువ్వు మాత్రం ఇలాగే ఉండు. వీలైతే ఇంకాస్త ఎక్కువే కనిపెట్టు.

నిన్ను చూసి మురిసిపోతున్న
అత్త

*

జూన్ 17

అత్తకి,

నువ్వు ఇంకా ఎక్కువ కనిపెట్టమన్నావు. కనిపెట్టాను. దాంతో నా బుర్ర తిరిగిపోతోంది. నేను ఎంత ఎక్కువ కనిపెడితే పని అంత ఎక్కువ చెడుతోంది, ఇదేం విడ్డూరం?

మొన్న దొరసాని పరుపు సర్ది వెనక్కి తిరిగింది. నేను అక్కడే ఉన్నాను. కెవ్వుమంది. చేతిలో గాజు జగ్గు ముక్కలు ముక్కలైంది. ఒకాయన ఇంకో దిండు కావాలని అడిగితే, ఇదివరకు మారుమాట లేకుండా ఇచ్చేదట కదా, ఇప్పుడు "అమ్మాయిగారినడగండి" అంటోంది. దిండుకి కూడా నేనేనా?

వంకర టై సంగతి ఇంకా ఘోరం. పెట్టె పోగొట్టుకుని ఒక పెద్దమనిషి లబోదిబోమంటూ వచ్చాడు. వీడు ఆయన ముఖం చూసి, గోడమీద "నవ్వండి" చూసి, పక్కనున్న నన్ను చూసి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. "నా పెట్టె పోతే నీకు నవ్వులాటగా ఉందా?" అని ఆయన బల్ల గుద్దాడు. భయంతో వీడు ఇంకా గట్టిగా నవ్వాడు. ఆయన గాజు మేడకి వెళ్ళిపోయాడు.

గొణుగుడు గారు నేను పక్కనుంటే గొణగడమే మానేశారు. అది మంచిదే అనుకున్నాను. నిన్నటి సూపు నోట్లో పెట్టలేకపోయారు ఎవరూ. రెండుసార్లు ఉప్పేశాడు. అడిగితే తల గోక్కుని, "గొణుక్కుంటేనే గుర్తుంటుందండీ, ఉప్పేశా ఉప్పేశా అనుకుంటూ ఉంటా" అన్నాడు. ఇలాంటి వంట ఎక్కడైనా ఉందా?

మందుల కంపెనీ కుర్రాళ్ళు మొహాలు మాడ్చుకుంటున్నారు. వాళ్ళ పెద్దాయన వచ్చే రోజు దగ్గర పడుతోంది. నాకు నిజంగా భయమేస్తోంది అత్తా.

అన్నిటికీ మించి దొరసానే. ఎక్కడ పడితే అక్కడ గోడకి ఆనుకుని నిలబడిపోతోంది. ఆవిణ్ణి ఇక ఇంటికి పంపించేద్దామనుకుంటున్నాను. నీ మనిషి కాబట్టి అడుగుతున్నా. నీకేం అభ్యంతరం లేదు కదా?

గుండె దడతో,
కోడలు

*

జూన్ 20

పిచ్చి తల్లికి,

దీనికే ఇంత గాభరానా? ఒక జగ్గు, ఒక గిన్నెడు సూపు. గొణుగుడు గొణగడం మానేశాడంటే మాట్లాడే మనిషి దొరికిందని సంతోషించాలి. ఉప్పంటావా, వయసు మీద పడుతోంది, పక్కన నిలబడి అందించు. వంకర టైకి ముందునుంచీ అంతే, కంగారొస్తే నవ్వొస్తుంది. వాడి ముక్కుకి తాడెయ్యలేం.

దొరసాని విషయంలో అభ్యంతరమా? ఆ మాట అడగాలా? పంపు, వెంటనే పంపు! నేనే ఎప్పుడో పంపాల్సింది, నాకు బుద్ధి లేక అట్టేపెట్టుకున్నాను. ఆవిడ కూతురు నీళ్ళాడి, పసివాడితో ఇంట్లో ఉంది కూడాను. కాకపోతే ఆవిడకి అభిమానం ఎక్కువ, "వద్దు వద్దు, నేను వెళ్ళను" అంటుంది. ఆ మాటలు వినకు. గేటు దాకా నువ్వే దగ్గరుండి పంపు. ఆవిడ సంచీ సంగతి కూడా నువ్వే చూడు.

ఇంత చిన్న వయసులో ఇంత మనసున్నందుకు నిన్ను కన్న మీ అమ్మకి చెయ్యెత్తి మొక్కాలి. ఉంటాను, కాలి పిల్ల వచ్చింది. గుమ్మంలో కాపలా కూడా వచ్చింది.

నీ అత్త

*

జూన్ 24

అత్తకి,

నువ్వు చెప్పినట్టే చేశాను. "నేను వెళ్ళనమ్మా" అంది, నువ్వు ముందే చెప్పావు కాబట్టి వినలేదు. "అత్తే పంపమంది" అన్నాను. ఆ మాటకి సంచీ తీసుకుని నడిచింది. గేటు దాకా దగ్గరుండి పంపాను. అక్కడ సంచీ కూడా విప్పించి చూశాను.

అందులో ఒక దువ్వెన ఉంది. సగం అల్లిన పసిపిల్ల టోపీ ఉంది, దారపు ఉండ ఉంది. ఇంకేం లేదు. ఆవిడ అన్నీ మళ్ళీ సంచీలో సర్దుకుంది. అదే నడక, రాణిలాగా, వీధి చివరిదాకా. వెనక్కి తిరుగుతుందేమోనని చూశాను. తిరగలేదు.

అప్పట్నుంచి ఇక్కడ ఎవరూ నాతో మాట్లాడ్డం లేదు. వంకర టై అడిగినదానికి మాత్రం జవాబిస్తాడు. వంటగది ఎంత నిశ్శబ్దంగా ఉందంటే గిన్నె మూత పెట్టినా ఉలిక్కిపడుతున్నాను. గదులు సర్దడానికి మనిషి దొరకలేదు. మందుల కంపెనీ పెద్దాయన జూలై 3న వస్తున్నట్టు కబురు పెట్టాడు.

ఆ టోపీ నాకు మాటిమాటికీ గుర్తొస్తోంది. నువ్వు పంపమన్నావు కాబట్టి పంపాను, నీకు తెలియకుండా ఉంటుందా అనుకున్నాను. కానీ నాకేమీ బాగోలేదు అత్తా.

నీ కోడలు

*

జూన్ 27

ఓసి నీ కనిపెట్టడం మండిపోనూ!

నిన్న మధ్యాహ్నం దొరసాని వచ్చింది. బస్సెక్కి, ఇంత దూరం. నా మోకాలు చూడ్డానికొచ్చిందనుకుని ఎంత పొంగిపోయానో! "కూర్చోవే" అన్నాను. నిలబడే ఉంది. మళ్ళీ అన్నాను. "వద్దమ్మగారూ, కూర్చున్నందుకే కదా ఇదంతా వచ్చింది" అంది. నాకేం అర్థం కాలేదు.

"మీరే పంపెయ్యమన్నారటగా?" అంది.

"నేనే! ఇంకెవరంటారు?" అన్నాను, పళ్ళికిలిస్తూ. గర్వం కూడానూ!

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భోరుమంది. "నేనేం దొంగతనం చేశానని సంచీ చూడమన్నారమ్మగారూ?" అంది. గుమ్మంలో ఉన్న మీ పెద్దత్త "ఏం పోయింది? ఏం పోయింది?" అని లోపలికొచ్చింది. నేను లేవబోయి, కాలు సంగతి మర్చిపోయి, కెవ్వుమన్నాను. కాలి పిల్ల పరిగెత్తుకొచ్చింది. నలుగురం నాలుగు రకాలుగా ఏడ్చాం.

తర్వాత నీ ఉత్తరాలన్నీ పక్కమీద పరుచుకుని, దొరసాని చెప్పేది వింటూ మళ్ళీ చదివాను. రబ్బరు చెప్పులు దొంగచాటుగా వెనకాల నడవడానికా? అద్దం ఆఫీసు గదిలోంచి వంకర టైని చూడ్డానికా? కుర్చీ సంగతి చూడ్డమంటే తీసి అటక మీద పారెయ్యడమా? నేను పంపమంది కూతురి దగ్గర నాలుగు రోజులు నడుం వాల్చి రమ్మని, సంచీ చూడమంది ఖాళీగా పంపొద్దని కదే! అయ్యో నా తల్లీ!

కనిపెట్టి ఉండమంటే కాపలా కాయమని కాదే! నాకు ఆపరేషనైనప్పుడు ఆస్పత్రిలో నర్సు నన్ను కనిపెట్టుకుని ఉంది. నేనేమైనా దొంగనా? జ్వరమొచ్చిన పిల్లని తల్లి కనిపెట్టుకుని ఉంటుంది చూడు, అలాగ! ఆకలేస్తోందా, నడుం నొప్పెడుతోందా, మొహం ఎందుకలా ఉంది, ఇలా చూస్తూ ఉండమని. ఆ కుర్చీ నేనే వేయించాను. నడుం పట్టేస్తే ఆవిడ కాసేపు కూర్చోవాలని, అడగడానికి అభిమానం అడ్డమొస్తుందని, నేనే మోయించి కిటికీ పక్కన పెట్టించి, చూడనట్టు ఊరుకున్నాను. వంకర టైకి నేను నేర్పిన పాఠాలేమీ లేవు. పొద్దున్నే ఆ టై సరిచేసి "ఇవాళ పెళ్ళికొడుకులా ఉన్నావురా" అంటే సాయంత్రం దాకా వాడి మొహం వెలిగిపోతుంది, గోడమీద రాయక్కర్లేదు. లోకమంతా గొణుగుడి చేతి వంట తింటుంది కానీ, "నువ్వు తిన్నావా?" అని అతన్ని అడిగే నాథుడు లేడు. నేను అడుగుతాను. అంతే నా మేనేజ్‌మెంటు. ఇంకేం లేదు.

నీ మీద కోపంతో రాత మొదలుపెట్టాను కానీ, ఇక్కడికొచ్చేసరికి నవ్వొస్తోంది. తప్పు నీదీ కాదు, నాదీ కాదు, ఆ మాటది. కాపలానీ ఆపేక్షనీ ఒక్క మాటతో సరిపెట్టేసుకున్నాం, ఇంకో మాట దొరకనట్టు. నువ్వు అటువైపు పట్టుకున్నావు, నేను ఇటువైపు పట్టుకున్నాను, మధ్యలో నా దొరసాని నలిగిపోయింది.

ఇప్పుడు విను. గాజు మేడవాళ్ళు ఆవిణ్ణి పిలిచారు. జూలై 4న చేరమన్నారు. ఆవిడ ఇంకా ఊఁ అనలేదు. నేను చెబితే వెనక్కొస్తుంది, కానీ నేను చెప్పను. పంపింది నువ్వు, తెచ్చుకోవాల్సిందీ నువ్వే. నా ఉత్తరం చూపించకు, నా పేరు ఎత్తకు. వెళ్ళి, ఆవిడ గుమ్మంలో నిలబడి, అడుగు. ఆవిడ రాకపోతే పెద్దాయన గాజు మేడకి పోతాడు, నువ్వు మీ నాన్న చెప్పిన ఆఫీసుకి పోతావు, నేను ఈ గదిలో మీ పెద్దత్త కాపలాలో పోతాను.

కాలు పోటుతో,
నీ అత్త

*

జూలై 4

అత్తా,

కుర్చీలో కూర్చునే చదువు. మెల్లిగా చదువు. నవ్వి కుట్లు తెంచుకుంటే నాకు సంబంధం లేదు.

నీ ఉత్తరం అందగానే వెళ్ళాను. దొరసాని మనవణ్ణి భుజానేసుకుని గుమ్మంలోనే ఉంది. వాడి నెత్తిన ఆ టోపీ ఉంది, పూర్తయిపోయింది. దాన్ని చూడగానే దారిలో కూడగట్టుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. "తప్పైపోయింది, రండి" అన్నాను. ఏడుపొచ్చేసింది.  ఆవిడ పిల్లాడి వీపు నిమిరింది, టోపీ సర్దింది. చివరికి, "వస్తాను. ఒక్క షరతు. రేపు పరుపులు నువ్వు సర్దాలి. నేను కనిపెట్టి ఉంటాను" అంది.

ఎలా కనిపెడతారని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

నిన్న పొద్దున్నే అటక మీది కుర్చీ నేనే దింపి, కాలికి మేకు కొట్టించి, చివరి గదిలో కిటికీ పక్కన పెట్టాను. దొరసాని మంచి చీర కట్టుకుని వచ్చింది. కుర్చీలో కూర్చుంది. ఒళ్ళో చేతులు పెట్టుకుని నన్ను చూడ్డం మొదలుపెట్టింది.  అప్పుడప్పుడు "ఊఁ" అంటుంది, అంతే. ఆ "ఊఁ" బాగుందనో బాగాలేదనో తెలిసి చావదు! చిన్నప్పట్నుంచి పరుపు మీద దుప్పటి పరుస్తున్నదాన్ని, నాలుగు మూలలు ఎక్కడున్నాయో మర్చిపోయాను. దిండు గలీబు తిరగేసి తొడిగాను. ఊఁ. చేతులు చెమటలు పట్టేశాయి. నీళ్ళ జగ్గు తీసుకుని తిరిగేసరికి ఎదురుగా ఆ చూపు. జగ్గు జారింది. ముక్కలు ముక్కలు.

"చెయ్యి తెగిందా? ఇటు చూపించు. జగ్గు పోతే పోనీ" అని దొరసాని లేచి నా చెయ్యి పట్టుకుంది. అంతవరకూ ఆవిడ మొహంలో ఉన్న న్యాయమూర్తి ఎటు పోయాడో.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో ఎవరో దగ్గారు. మందుల కంపెనీ పెద్దాయన! మధ్యాహ్నం వస్తానన్న మనిషి పొద్దున్నే దిగిపోయాడు. వంకర టై ఆయన్ని మేడ మీదికి వెంటబెట్టుకుని వచ్చాడు. వాడి టై పొద్దున నేనే సరిచేశాను లే, పెళ్ళికొడుకన్నాను కూడా, చెవులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. పెద్దాయన లోపలికి చూస్తే ఏముంది? మంచి చీరలో దర్జాగా ఒకావిడ, నడుముకి గుడ్డ కట్టుకుని చెమటలు కక్కుతూ నేను, కింద గాజు ముక్కలు. దొరసాని వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

"నమస్కారమండీ. లాడ్జి తమదేనా?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. దొరసాని తొణకలేదు, బెణకలేదు. "ఏదో, ఇన్నేళ్ళుగా చూసుకుంటూ వస్తున్నానండీ" అంది. అందులో అబద్ధం ఎక్కడుందో చెప్పు!

"ఈ అమ్మాయి కొత్తా?"

"కొత్తేనండీ. ఇంకా చెయ్యి తిరగలేదు. మంచి పిల్ల."

వంకర టై కంగారుపడ్డాడు. కంగారుపడితే వాడికి ఏమొస్తుందో నీకు తెలుసు కదా. నవ్వాపుకోలేక గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

పెద్దాయన నా దగ్గరికొచ్చి, మెల్లగా, దొరసానికి వినపడకుండా, "ఈవిడ దగ్గర పని ఎలా ఉంటుందమ్మా? భయపడకు, చెప్పు" అన్నాడు.  నోటికొచ్చింది అనేశాను, "మమ్మల్ని బాగా కనిపెట్టి ఉంటారండీ."

ఆయన గాజు ముక్కల్ని చూశాడు, దొరసాని పట్టుకున్న నా చేతిని చూశాడు. "మా ఆఫీసులో జగ్గు పగిలితే ముందు జగ్గు ఎవరిదని అడుగుతారు" అన్నాడు. ఎదురు హోటలు చూసే వచ్చాడట. "అక్కడ అందరూ నవ్వుతూనే ఉన్నారు, ఒక్కళ్ళు కూడా నా మొహం చూడలేదు" అన్నాడు. నేను గబగబా కిందికి దిగి హాల్లో "నవ్వండి" పీకేసి దాచేశాను. ఆయన భోజనానికి దిగేసరికి గోడమీద మేకు ఒక్కటే ఉంది.

వంటగదిలోకి తొంగి చూసి, "మీరు తిన్నారా?" అన్నాను. గొణుగుడు గారు గరిటె కింద పెట్టి నా వైపు తిరిగారు. తర్వాత ఏదో గొణిగారు. ఆ గొణుగుడు వింటుంటే నాకు ఎంత హాయిగా ఉందో! సూపులో ఉప్పు ఒక్కసారే పడింది. పెద్దాయన రెండోసారి పోయించుకున్నాడు. వాళ్ళ కుర్రాళ్ళు మన దగ్గరే ఉంటారు. ఒప్పందం కాగితాలు దొరసాని ముందు పెడితే, "సంతకాల పని ఈ పిల్లే చూస్తుందండీ, చదువుకుంది" అని నా వైపు తోసింది. నడుముకి గుడ్డతోనే సంతకం పెట్టాను. ఆయనకి ఇప్పటికీ తెలియదు.

ఆయన వెళ్ళాక దొరసాని ఆ గదికి తిరిగొచ్చి, నేను పరిచిన పరుపు మొత్తం పీకేసి మళ్ళీ పరిచింది. దుప్పటి అవతలి అంచు నేను పట్టుకున్నాను. ఆవిడ ఇవాళ గాజు మేడలో చేరాల్సింది, వెళ్ళలేదు.

నీ దగ్గర పని నేర్చుకుంటున్న
కొత్త పిల్ల

*

జూలై 8

నా లాడ్జి సొంతదారుకి,

నవ్వాను. అంత నవ్వు విని మీ పెద్దత్త లోపలికొచ్చింది, తనకీ చదివి వినిపించాను. అంతా విని, "అయితే నేను గుమ్మంలో నిలబడకూడదంటావా?" అంది. ఈ పొద్దున కాలి పిల్ల వచ్చినప్పుడు వంటింట్లోకి పోయి కూర్చుంది. నాలుగుసార్లు దగ్గింది, కానీ రాలేదు. కాలు ఎంత పైకి లేచిందో తెలుసా!

లేచింది కానీ, ఇంక మెట్లు ఎక్కొద్దన్నాడు డాక్టరు. కొన్నాళ్ళు కాదు. ఇక ఎప్పటికీ. ఆయన చెబుతుంటే తల ఊపాను, ఆయన వెళ్ళాక ఏడ్చాను. మేడ మీది గదులు, ఆ కిటికీ, దొరసాని పరిచిన దుప్పట్లు, ఇక నేను చూడలేను కదా. మీ పెద్దమామయ్య వెంటనే, "చూశావా, అమ్మెయ్యమన్నానా" అన్నాడు. "అమ్మను, ఇచ్చేస్తాను" అన్నాను. మీ నాన్నకి ఫోన్ చేసి అదే చెప్పాను, హాల్లోంచే, అందరూ వినేటట్టు. లాడ్జి నీది.

వచ్చేవారం వస్తున్నాను. మెట్ల కింద గదిలో ఎక్కడో ఒక మూల పడి ఉంటాను. రోజంతా కూర్చునే మనిషిని, విసుక్కుంటాను, పిలుస్తాను, నస పెడతాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, నాకు భయంగా కూడా ఉంది. వాళ్ళతోపాటు నన్ను కూడా కాస్త కనిపెట్టి ఉండు. ఏ అర్థంలోనో ఈసారి రాయను.

నీ అత్త

*

జూలై 10

అత్తా,

మెట్ల కింద గదిలో కిటికీ పక్కన కుర్చీ వేయించాను. అక్కణ్ణుంచి హాలంతా కనపడుతుంది, వంకర టై పొద్దున్నే నీ దగ్గరికొచ్చి నిలబడతానన్నాడు. దొరసాని పరుపు పరిచి వెళ్ళింది, నన్ను ముట్టుకోనివ్వలేదు. గొణుగుడు గారు నీ గురించి ఏదో గొణుగుతున్నారు, మంచిమాటే అనుకుంటాను.

రబ్బరు చెప్పులు పారేశాను. నేను వస్తుంటే నీకు వినపడుతుంది.

బయల్దేరు.

నీ కోడలు పిల్ల